కొన్నది ఎవరి దగ్గరో రాసుకుందాం

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో, పాత సామాన్ల వ్యాపారం చేసే సభ్యుల తరఫున చేసిన ప్రసంగం)



మేము చోడవరంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ పాత సామాన్లు కొని అమ్ముకునే వాళ్ళం. కొందరం గుజిరీ కొట్టు పెట్టుకున్నాం. కొందరం పాత బట్టలకి స్టీలు గిన్నెలిస్తాం. కొందరం పాత ఫోన్లు, సైకిళ్ళు, మిక్సీలు కొని బాగుచేయించి అమ్ముతాం. మా అందరి పెట్టుబడీ సంఘం అప్పే. మా కొట్టుకి దెబ్బ తగిలితే సంఘం కిస్తీకీ తగులుతుంది. అందుకే ఈ మాట మహాసభలో చెప్తామని అడిగి మరీ వచ్చాం.

మాలో జరిగినవే రెండు సంగతులు చెబుతాం.

మాలో ఒకామె తొమ్మిది కిలోల రాగి తీగ కొంది. మోటారు సైకిలు మీద ఎవరో కుర్రాడు తెచ్చాడు. కాటా వేసింది, డబ్బులిచ్చింది, పంపేసింది. రెండు వారాలకి పోలీసులొచ్చారు. ఆ తీగ పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి తీసిందట. "ఎవరి దగ్గర కొన్నావు?" అంటే "ఎవరో కుర్రాడండి" అంది. పేరు తెలీదు, ఊరు తెలీదు, తేదీ గుర్తు లేదు. సరుకు పోయింది, పెట్టిన డబ్బు పోయింది. తెచ్చినవాడు దొరికే దాకా ఆమెకి కంటి మీద కునుకు లేదు. కొట్టు మూసేసింది. ఆ నెల కిస్తీ మేమంతా తలా కొంత వేసి కట్టాం.

ఇంకొకామె సైకిలు కొంది. అదీ దొంగ సైకిలే. కానీ ఆమె పుస్తకం తీసి చూపించింది. అందులో తేదీ, తెచ్చినవాడి పేరు, ఊరు, ఫోను నంబరు, సైకిలు ఫ్రేము నంబరు, ఇచ్చిన డబ్బు, అతని సంతకం ఉన్నాయి. సైకిలు సొంతదారుకి వెళ్ళిపోయింది, ఆమె డబ్బు తిరిగి రాలేదు. అది నష్టమే. అయితే ఆమెని మళ్ళీ ఎవరూ ఏమీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే కొట్టు తీసింది.

ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ తెలియక కొన్నవాళ్ళే. తేడా అంతా ఒక్క పుస్తకం.

చట్టం ఏమంటుందో మేము అడిగి తెలుసుకున్నాం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షను ఉంది. దొంగ సొమ్మని తెలిసి గానీ, అలా అనుకోవడానికి కారణం ఉండి గానీ, దురుద్దేశంతో తీసుకుంటే మూడేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అదే అలవాటుగా చేస్తే పదేళ్ళ దాకా, ఇంకా పైన యావజ్జీవం దాకా కూడా వెయ్యొచ్చు. కరెంటు తీగలకి 2003 విద్యుత్ చట్టంలో వేరే సెక్షను ఉంది, దానికీ మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. రైలు సామాను మరీ ప్రమాదం. 1966 చట్టం ప్రకారం అనుమానం ఉన్న రైల్వే సామాను మన దగ్గర దొరికితే, న్యాయంగా వచ్చిందని మనమే నిరూపించుకోవాలి. పట్టాల బోల్టులు, ఇనప క్లిప్పులు ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోవద్దు.

దొంగతనం జరిగిన కొద్ది రోజుల్లోనే ఆ సొమ్ము ఎవరి దగ్గరుంటే, వాళ్ళు అది ఎలా వచ్చిందో చెప్పలేకపోతే, కోర్టు వాళ్ళనే అనుమానించవచ్చు. ఈ సంగతి 1872 నాటి సాక్ష్యాల చట్టంలోనూ ఉంది, ఇప్పటి కొత్త చట్టంలోనూ ఉంది. "ఎలా వచ్చిందో" చెప్పేది మన పుస్తకమే.

పుస్తకం రాయడం మనకి కొత్త కాదు. పంచసూత్రాల్లో అయిదోది అదే కదా. తాకట్టు కొట్టు వాళ్ళకైతే మన ప్రాంతం మద్రాసులో ఉన్నప్పుడే, 1943 చట్టంలోనే, లైసెన్సు, తాకట్టు చీటీ, లెక్కల పుస్తకం తప్పనిసరి చేశారు. ఇంగ్లండులో 2013 నుంచి పాత ఇనుము కొనేవాళ్ళు అమ్మేవాళ్ళ పేరు, చిరునామా సరిచూసుకోవాలి, ఆ రికార్డు మూడేళ్ళు దాచాలి, నగదు ఇవ్వకూడదు. పోలీసులు గానీ పంచాయతీ వాళ్ళు గానీ మనకి ఒక తీరు చెబితే ఆ తీరులోనే రాద్దాం. వాళ్ళు వచ్చి అడిగే దాకా మాత్రం ఆగొద్దు.

మేము ఇలా రాస్తున్నాం. తేదీ, వేళ. అమ్మినవాళ్ళ పేరు, ఊరు, ఫోను. ఏ కార్డు చూపించారు, దాని చివరి నాలుగు అంకెలు. ఆధార్ జెరాక్సులు పోగేసుకోవద్దు, అవి పోతే ఇంకో తలనొప్పి. తరవాత వస్తువు గుర్తులు, బరువు, రేటు, ఇచ్చిన డబ్బు, సంతకం గానీ వేలిముద్ర గానీ. ఆఖరి గడిలో, మనం ఎవరికి అమ్మామో. పేజీలకి ముందే నంబర్లు వేసుకోవాలి. కొన్నప్పుడే రాయాలి. పోలీసులొచ్చాక రాసిన పేజీ, రాయనిదానికన్నా చేటు.

ఫోనయితే స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే ఐఎంఈఐ నంబరు వస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422 కి మెసేజి పెట్టాలి. బ్లాక్ చేసిన ఫోనని వస్తే తిప్పి ఇచ్చెయ్యడమే. బండయితే ఆర్‌సీ చూడకుండా, 29, 30 ఫారాలు లేకుండా కొనొద్దు. గ్యాసు సిలిండరు కంపెనీ ఆస్తి, మనకి డిపాజిట్ మీద ఇచ్చిందే. అది ఇనుము కింద కాటా ఎక్కకూడదు. కాల్చి తొక్క తీసిన రాగి తీగ వస్తే, ఎందుకు కాల్చారో అడగాలి. పిల్లలు తెచ్చినది అసలు కొనొద్దు, పెద్దవాళ్ళని తీసుకురమ్మనాలి.

పుస్తకం ఉంది కదా అని ఏదైనా కొనేయొచ్చని కాదు. సగం ధరకి, చీకటి పడ్డాక, బేరమే ఆడకుండా ఇచ్చేస్తుంటే అదే అనుమానానికి కారణం. అలాంటిది రాసుకుని కొన్నా తప్పే.

ఇందులో ఒక చిక్కుంది. పేరు అడిగితే "ఏటమ్మా, మమ్మల్ని దొంగలనుకుంటన్నావా?" అంటారు. చిత్తు కాగితాలు ఏరుకునే ముసలమ్మకి కార్డు ఎక్కడుంటుంది? అట్టలకి, సీసాలకి, ప్లాస్టిక్‌కి మేము కార్డు అడగం, పేరూ బరువూ రాసుకుంటాం. నంబరున్న వస్తువుకీ, రాగికీ, ఇత్తడికీ మాత్రం తప్పకుండా అడుగుతాం. అప్పుడు కొందరు పక్క కొట్టుకి వెళ్ళిపోతారు. ఆ బేరం పోతుంది. ఒక్క కొట్టే అడిగితే ఆ కొట్టుకే నష్టం. అన్ని కొట్లూ అడిగితే ఎవరికీ నష్టం లేదు, దొంగకి తప్ప.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక రోజు కబురు రావొచ్చు. సరుకు తీసుకెళితే జప్తు కాగితం నకలు అడగండి. పుస్తకం అడిగితే ముందు ఆ పేజీ ఫోటో తీసుకోండి. సాక్షిగా ఆడవాళ్ళని విచారించాలంటే వాళ్ళుండే చోటికే రావాలి గానీ స్టేషనుకి రమ్మని బలవంతం చెయ్యకూడదని చట్టం ఉంది. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. దానికి నంబరు 15100.

సమాఖ్యని మేము కోరేవి మూడు. పాత సామాన్లు కొనే సభ్యులందరికీ ఒకే తీరు రిజిస్టరు అచ్చు వేయించాలి. నెలకోసారి గ్రామ సంఘం సమావేశంలో, అప్పు పుస్తకంతో పాటు దాన్నీ చూడాలి. రాయడం రాని అక్కలకి వీఓఏ గానీ, వాళ్ళింట్లో చదువుకున్న పిల్లలు గానీ రాసిపెట్టేలా ఏర్పాటు చెయ్యాలి.

ఆ రోజు కొట్టు మూసేసిన ఆమె మళ్ళీ తీసింది. కాటా పక్కన ఇప్పుడు పుస్తకం, పెన్ను ఉన్నాయి. పెన్ను ఎవరూ పట్టుకుపోకుండా దారంతో కట్టింది. మనం కూడా కట్టుకుందాం.