విద్యుత్తు ఆవము – కంటికి కానరాని నిప్పు

(తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగము)



పిల్లలు మట్టితో చేసిన ప్రమిదలను, బొమ్మలను కాల్చుటకు విద్యుత్తు ఆవమును వాడు పాఠశాలలు నేడు కలవు. కుమ్మరి ఆవమున మంటయు పొగయు దూరమునకే కానవచ్చును. పసివాడైనను వెనుకకు తగ్గును. విద్యుత్తు ఆవము చూచుటకు ఇనుప పెట్టెవలె నుండును. లోపల వేడిమి సుమారు 1,000 డిగ్రీల సెంటీగ్రేడు. కావున ఇచ్చట కంటిని గాక నియమమును నమ్ముకొనవలెను.

మొదటిది స్థలము. ఆవమునకు ప్రత్యేకమైన విద్యుత్తు లైను, సరియైన ఎర్తింగు, చేతికందు మెయిన్ స్విచ్చి ఉండవలెను. గోడకును దానికిని ఒకటిన్నర అడుగుల ఎడము మేలు. కాగితములు, తెరలు, చెక్కసామాను దరిని ఉండరాదు. నేలపై గీత గీసి పిల్లలను దాటనీయరాదు. మట్టిలోని ఆకు అలములు కాలునపుడు కార్బన్ మోనాక్సైడు పుట్టవచ్చును. అది విషవాయువు, రంగు లేదు, వాసన లేదు. గాలి బయటికి పోవు ఏర్పాటు లేనిదే ఆవమును నడపరాదు.

రెండవది ఆరుదల. తడి మిగిలిన బొమ్మలో నీరు 100 డిగ్రీల వద్ద ఆవిరియై దానిని పగులగొట్టును. చెక్కిలికి ఆనించినపుడు చల్లగా తగిలినచో తడి ఇంకను ఉన్నదని గ్రహింపవలెను. 573 డిగ్రీల వద్ద మట్టిలోని స్ఫటికపు రేణువులు హఠాత్తుగా వ్యాకోచించును. చల్లారునపుడు మరల సంకోచించును. అందుచేత వేడి ఎక్కుటయు దిగుటయు మెల్లగా జరుగవలెను.

మూడవది కాపలా. సామాను సర్దునపుడు మెయిన్ స్విచ్చి తీసివేయవలెను. లోపలి తీగచుట్టలలో విద్యుత్తు ప్రవహించును. వేడిమిని తానే నియంత్రించు యంత్రమున్నను, పెద్దవారొకరు కనిపెట్టి యుండవలసినదే. అందలి రిలే అతుక్కొనిపోయినచో తీగలు ఆగక వేడెక్కుచునే యుండును. రంధ్రముగుండా లోనికి చూచువారు తగిన రక్షణ కళ్లద్దములు ధరింపవలెను.

నాలుగవది ఓర్పు, కష్టమైనదియు ఇదియే. స్విచ్చి తీసిన తరువాత చల్లారుటకు ఒక పగలు, ఒక రాత్రి పట్టినను పట్టును. వేడి 100 డిగ్రీలకు బాగుగా లోపడనిదే మూత తీయరాదు. తొందరపడినచో చేయి కాలును, బొమ్మయు పగులును. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని మన పెద్దలు ఊరక అనలేదు.

ఇవి విని పిల్లలను మట్టిపని మానిపింపవలదు. మన చేతులతో చేసిన వస్తువు నిప్పులో గట్టిపడుట చూచుట గొప్ప విద్య. అయితే పంపుటకు ముందు మూడు ప్రశ్నలడుగుడు: ఆవమునుండి గాలి ఎటు పోవును? కాలుచున్నంతసేపు దగ్గర ఎవరుందురు? మూత ఎవరు, ఎప్పుడు తీయుదురు? తృప్తికరమైన సమాధానములు దొరకినచో నిశ్చింతగా పంపుడు. దొరకనిచో, దొరకువరకు ఆగుడు. బొమ్మ ఒక వారము ఆలస్యమైనచో నష్టము లేదు.