పండగ నెలలో నేతగాడి ఒళ్ళు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

మేము ఎనిమిదో తరగతితో మగ్గంలో దిగినవాళ్ళం. మందుల సంగతి డాక్టర్లకు వదిలి, సంఘంలో ఉండి ఏటేటా చూస్తున్నది చెబుతాము.

మన తమిళనాడు వైపు దీపావళి ఐప్పసి నెలలో వస్తుంది. ముసురూ ఆ నెలలోనే. సేలమైనా కంచి అయినా ఆరణి అయినా వీధిలో పడుగు సాచి గంజి పెడదామంటే ఎండ ఉండదు. మగ్గం గుంటలో చెమ్మ ఊరుతుంది. అంగడివాళ్ళకేమో చీర పండగ ముందే కావాలి. అందుకని రాత్రి 12 దాకా నాడె ఆడుతుంది. పొద్దున టీ, పదకొండుకు టీ, మూడింటికి అన్నం, రాత్రి మళ్ళీ టీ. ఇలా మూడు వారాలు నలిగిన ఒంటికి పండగ పొద్దున నూనె స్నానం కాగానే ఇడ్లీ, మాంసం కూర, అతిరసం, మైసూరుపాకు, మురుకులు అన్నీ ఒకే పూట పెడతాము. తరువాత జబ్బు చేస్తే తీపి మీద నేరం వేస్తాము. ఆ ముందు మూడు వారాలను ఎవరూ లెక్క పెట్టరు.

గుంటమగ్గానికి చేతులెంతో కాళ్ళంత. షుగరు ముదిరితే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. తొక్కుడు చెక్క గీరుకున్నా, టపాకాయ నిప్పు తగిలినా తెలీదు. మా వీధిలో ఒకాయన బొటనవేలి పుండును పండగ పని అయ్యాక చూపిద్దామని ఆగాడు. ఆఖరికి వేలు తీసేశారు. ఆయన మళ్ళీ మగ్గంలో దిగలేదు. అందుకే రోజూ పడుకునే ముందు రెండు పాదాలూ, వేళ్ళ సందులూ చూసుకోండి. కంటికి ఆనకపోతే పిల్లలను చూడమనండి.

ఇక తిండి. ఎంత తొందర పనైనా ఒంటిగంటకు మగ్గం ఆపి అన్నం తినాలి. పొద్దున రెండో టీకి బదులు రాగి అంబలి తాగండి, పంచదార తగ్గుతుంది. గంటకోసారి గుంటలో నుంచి లేచి నాలుగు అడుగులు వేయండి.

నోముకు 21 అతిరసాలు పెడతాము. అమ్మవారికి పెట్టడం మన ఆచారం, అన్నీ ఇంట్లోనే తినాలని లేదు. పంచిపెట్టండి. షుగరున్నవాళ్ళు ఒక ముక్కతో ఆపి, ఆ పూట అన్నం తగ్గించండి. బెల్లంతో చేసిందే కదా అనుకోవద్దు, బెల్లమూ షుగరు పెంచుతుంది. అరుగుదలకు తినే దీపావళి లేహ్యంలోనూ బెల్లముంది. బీపీ ఉన్నవాళ్ళకు రోజు మొత్తానికి ఉప్పు ఒక చిన్న చెంచా దాటకూడదు. మురుకులు, అప్పడాలు, ఊరగాయల్లో ఉప్పు కూడా ఆ లెక్కలోదే.

ఉపవాసం ఉండే అక్కలకు ఒక మాట. షుగరు మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళు డాక్టరును అడక్కుండా పస్తుండవద్దు. చెమటలు పట్టి, వణుకు వచ్చి, కళ్ళు తిరిగితే వెంటనే పంచదార నీళ్ళు తాగండి. దానివల్ల నోము చెడదు.

పరగడుపున షుగరు 126 గానీ, ఆపైన గానీ ఉంటే డాక్టరు దగ్గరకు పోవాలి. మన రాష్ట్రంలో 2021 నుంచి 'మక్కళై తేడి మరుత్తువం' కింద బీపీ, షుగరు మాత్రలు ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. పేరు రాయించుకోండి.

మనసు సంగతి కూడా చెప్పాలి. కొత్త బట్టలు, టపాకాయలు, కొత్త అల్లుడుంటే తల దీపావళి ఖర్చు. నిద్ర పాడయ్యేది ఎక్కువగా ఈ అప్పుల వల్లనే. బోనస్ చేతికి రాగానే మందు అంగడి వైపు పోకుండా ఇంటికి పోయి, ఆలుమగలు కూర్చుని ఖర్చు కాగితం మీద రాయండి. మించితే తగ్గించండి. అల్లుడికి ఉంగరం వచ్చే ఏడు పెట్టినా అల్లుడే. ఆడవాళ్ళు పగలు కండెలు చుట్టి, రాత్రి పొయ్యి దగ్గర నిలబడుతున్నారు. మొగవాళ్ళం మురుకుల గొట్టం పడితే పరువేమీ పోదు.

ఎవరైనా మాట తగ్గించి, తిండి మాని, బతికేం లాభమంటే వాళ్ళను ఒంటరిగా వదలవద్దు. టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. డబ్బు కట్టక్కరలేదు, రాత్రీ పగలూ పలుకుతారు.

ప్రతి ఊరి సంఘానికీ మా మనవి ఒకటే. బోనస్ పంచే రోజున సంఘం ఇంట్లోనే ఒక నర్సమ్మను కూర్చోబెట్టి అందరికీ బీపీ, షుగరు చూపించండి. ఆ రోజు అందరూ తప్పకుండా వస్తారు. అందరి ఇళ్ళలో దీపాలు చల్లగా వెలగాలని కోరుకుంటున్నాము.