సంధి కోసం వచ్చిన పెళ్ళికూతురు



పెళ్ళయి అత్తవారింట అడుగుపెట్టగానే కోడలి పేరు మార్చేసే అలవాటు మన ఇళ్ళలో ఒకప్పుడు ఉండేది. ఈపురుపాలెంలో మా నాయనమ్మను అందరూ అత్తగారు పెట్టిన పేరుతోనే పిలిచారు. ఆవిడ అసలు పేరు వేరని, ఆవిడ పోయాక పుట్టింటివారు వచ్చి చెబితేగాని మాకు తెలియలేదు.

ఈవేళ నేను చెప్పబోయే రాణిగారి సంగతీ అలాంటిదే. ఆమెను తుక్క అన్నారు, జగన్మోహిని అన్నారు, అన్నపూర్ణ అన్నారు. ఆమె శ్రీకృష్ణదేవరాయల భార్య, ఓఢ్రదేశాధీశుడు ప్రతాపరుద్ర గజపతి కూతురు.

కథ మన వైపే మొదలయింది. మన కొండవీటి సీమ అప్పట్లో గజపతుల ఏలుబడిలో ఉండేది. 1515లో రాయలు కొండవీటి కోట పట్టుకున్నాడు. గజపతి కొడుకు వీరభద్రుడు బందీగా చిక్కాడు. ఆ పిల్లవాడు కత్తిసాములో దిట్ట అని విని, రాయలు తన ఎదుట సాము చేయమన్నాడట. ఎదురుగా నిలబెట్టినవాడు రాచబిడ్డ కాకపోవడంతో, ఆ అవమానం ఓర్చుకోలేక వీరభద్రుడు ప్రాణం తీసుకున్నాడని న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు రాసిపెట్టాడు.

యుద్ధం కళింగం దాకా సాగి, 1518-19 ప్రాంతంలో సంధి కుదిరింది. గజపతి పిల్లనిచ్చాడు. రాయలు కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేల తిరిగి ఇచ్చేశాడు. లెక్క సరిపోయింది. కాని తోడబుట్టినవాడు ఏ ఇంట చెరలో పోయాడో ఆ ఇంటికే కోడలుగా వెళ్ళిన పిల్ల మనసు ఎలా ఉండి ఉంటుందో, ఆడపిల్లల తల్లులు మీరే ఊహించండి.

అప్పుడు ఐరోపాలోనూ ఇదే తంతు. స్పెయిన్ రాజకుమారి కాథరిన్ 1509లో ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీని పెళ్ళాడింది. ఇరవై నాలుగేళ్ళ కాపురం తరువాత, 1533లో, అసలా పెళ్ళే చెల్లదు పొమ్మన్నారు.

మన రాణి గురించి రెండు మాటలున్నాయి. ఆమె మొదటి రాత్రే కత్తి దాచుకుని వచ్చిందని, రాయలు ఆమెను దూరంగా ఉంచేశాడని జనంలో ఒక కథ. తుమ్మెద దగ్గరకు రాని సంపెంగ పువ్వును తలచుకుని ఆమె సంస్కృతంలో అయిదు శ్లోకాలు చెప్పుకుందని, అవే ‘తుక్కా పంచక’మని అంటారు. రెండో మాట పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడిది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన ఆయన, రాజుకు పట్టపురాణులు ముగ్గురని, వారిలో ఒకరు ఓఢ్ర రాజు కూతురని, తగవు రాకుండా ముగ్గురికీ అన్నీ సమానంగా అమర్చారని రాశాడు. నగలూ దాసీలూ సమానమే కావచ్చు. మనసులో మాట పైనుంచి చూసిన అతిథికి ఏం తెలుస్తుంది చెప్పండి?

తిరుమల గుడిలో రాయల విగ్రహానికి ఇరుపక్కలా తిరుమలదేవి, చిన్నాదేవి ఉంటారు. మీరందరూ చూసే ఉంటారు. అవి ఈ పెళ్ళికి ముందరివి గనుక మూడో రాణికి అక్కడ చోటు లేదు.

ఆమెను తలచుకోవాలంటే కంభం వెళ్ళాలి. నల్లమల అంచున, రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేసి చేసిన చెరువది. దానిని గజపతి కూతురే కట్టించిందని ఆ వైపువారు చెప్పుకుంటారు. అక్కడ ఆమె పేరు వరదరాజమ్మ! ఇది నాలుగో పేరన్నమాట. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం ఆ చెరువును వారసత్వ కట్టడంగా గుర్తించింది. కత్తి కథ నిజమో కాదో గాని, అయిదు వందల ఏళ్ళుగా ఆ నీళ్ళతో పంట పండుతున్న మాట నిజం.

మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే, ఈ మధ్యాహ్నం తీరిక చేసుకుని ఆవిడ పుట్టింటి పేరు అడగండి. పిల్లల పుస్తకంలోనైనా సరే, రాసి ఉంచండి. మా నాయనమ్మను మేము అడగలేదు.

సెలవు.