మన పాటల పెట్టె మన ఇంట్లోనే

(కారంపూడిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి నాకంటె బాగా చెప్పగల మిత్రులు ఇక్కడ ఉన్నారు. నాకు కేటాయించిన ఈ కొద్ది సమయంలో, మన బీరువాల పై అరల్లో దుమ్ము పట్టి ఉన్న పాటల క్యాసెట్ల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఉద్యోగం చేసే రోజుల్లో జీతంలో కొంత మిగిల్చి టేపురికార్డరు కొనుక్కున్నవాళ్ళం మనం. ఘంటసాల వారి భగవద్గీత, హరిశ్చంద్ర పద్యాలు, అన్నమయ్య కీర్తనలు ఒక్కొక్కటిగా కూడబెట్టుకున్నాం. కంపెనీలు అచ్చువేసినవి పోతే మరోచోట దొరకవచ్చు. మనం స్వయంగా రికార్డు చేసుకున్నవి పోతే మాత్రం మళ్ళీ రావు. మా ఇంటావిడ పోయి ఏడేళ్ళయింది. ఆమె పాడిన మంగళహారతి ఒకే ఒక క్యాసెట్టులో, రెండో వైపున, మూడు నిమిషాలు ఉంది. అలాంటి మూడు నిమిషాలు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటాయి.

ఇక ఊరి సంగతి. కార్తిక అమావాస్య నుండి అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ మన ఊళ్ళో వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. వీరవిద్యావంతులు బ్రహ్మనాయుడి కథ, బాలచంద్రుడి కథ గానం చేస్తారు. జీన్ రోఘైర్ అనే విదేశీ పరిశోధకుడు మన పల్నాడుకు వచ్చి, అలిసెట్టి గాలెయ్య అనే గాయకుని నోట ఈ కథను రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ గ్రంథం 1982లో ఆక్స్‌ఫర్డు నుండి వెలువడింది. అంత దూరం నుండి వచ్చిన ఆయన టేపు విలువ గుర్తించారు. తిరునాళ్ళలో మన వాళ్ళు ముచ్చటపడి రికార్డు చేసుకున్న క్యాసెట్లను మనం ఏం చేస్తున్నాం?

క్యాసెట్టుకూ మనలాగే వయసు మీద పడుతుంది. ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన సన్నని అయస్కాంతపు పొడిలో ఉంటుంది ఆ పాట. తేమకు బూజు పడుతుంది, వేడికి పట్టీ సాగుతుంది. మన పక్కనున్న రెంటచింతల ఎండల సంగతి మీకు చెప్పనవసరం లేదు. పట్టీ బాగున్నా దాన్ని తిప్పే యంత్రం దొరకడం కష్టమవుతోంది, బాగుచేసేవారు ఇంకా అరుదు. అందుచేత ఈ పాటలను కంప్యూటరులోకి ఎక్కించుకోవడం ఆలస్యం చేయకూడదు.

“ఫోనులో అన్ని పాటలూ వస్తుంటే ఈ శ్రమ ఎందుకండీ?” అని కొందరు మిత్రులు అడిగారు. సబబైన ప్రశ్నే. కాని ఫోనులో వచ్చే పాట మనది కాదు, కంపెనీవారు విననిచ్చినంత కాలం వింటాం, అంతే. గూగుల్ ప్లే మ్యూజిక్ అనే సేవలో జనం తమ సొంత పాటలను వేలకొద్దీ దాచుకున్నారు. దానిని 2020 డిసెంబరుకల్లా మూసివేశారు. గడువులోగా వేరేచోటికి మార్చుకున్నవారికి దక్కాయి, మిగిలినవి తుడిచివేశారు. మన దేశంలో రెస్సో 2024 జనవరి 31న ఆగిపోయింది. ఎయిర్‌టెల్ వారి వింక్ మ్యూజిక్ మూసివేతను అదే సంవత్సరం ప్రకటించారు. వారి వ్యాపారం వారిది, తప్పు పట్టడం లేదు. అద్దె ఇంటి గోడకు మేకులు కొట్టి తాతగారి పటాలు ఎన్నాళ్ళు వేలాడదీస్తాం అన్నదే నా ప్రశ్న.

దీనికి సొంత ఇల్లు ఉంది. దానినే ఇంటి సర్వరు అంటారు. పేరు విని భయపడకండి. హోటల్లో సర్వరు అడిగినది తెచ్చి వడ్డిస్తాడు, ఇదీ అంతే. ఇంట్లో ఒక మూల ఉండే కంప్యూటరు, అడిగిన పాటను మన ఫోనుకో, పక్క గదిలోని టీవీకో, హైదరాబాదులో ఉన్న కూతురికో, అమెరికాలో ఉన్న మనవడికో అందిస్తుంది. ఇందుకు నావిడ్రోమ్ అనే సాఫ్ట్‌వేరు ఉంది. సినిమాలు, వీడియోలు కూడా కావాలంటే జెల్లీఫిన్ ఉంది. రెండూ ఉచితం. వాటి లోపలి రాతను ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు. చేసినవారు రేపు ఆపేసినా మన పాటలు మన డిస్కులోనే ఉంటాయి.

పని చేసే తీరు చెబుతాను. టేపురికార్డరు హెడ్‌ఫోను రంధ్రం నుండి కంప్యూటరుకు తీగ కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో రికార్డు చేయాలి. గంట క్యాసెట్టుకు గంట పడుతుంది, అడ్డదారి లేదు. మనకు కాలక్షేపం కావలసిందే కదా! ఫ్లాక్ అనే పద్ధతిలో దాస్తే శబ్దంలో నష్టం ఉండదు. గంటకు సుమారు 300 నుండి 400 ఎం.బి. అవుతుంది. అంటే 200 క్యాసెట్లు 80 జి.బి.లో ఇమిడిపోతాయి. వాటిని ఒక ఫోల్డరులో పెడితే నావిడ్రోమ్ చదువుకుని, గాయకుల వారీగా పట్టిక తయారు చేస్తుంది. అసలు పాటను మార్చదు. వినేవారి లైను నెమ్మదిగా ఉంటే అప్పటికప్పుడు చిన్నది చేసి పంపుతుంది. పిల్లలు వదిలివెళ్ళిన పాత కంప్యూటరు దీనికి చాలు. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటరైతే సుమారు 5 వాట్లు తీసుకుంటుంది. రాత్రింబగళ్ళు నడిచినా నెలకు నాలుగు యూనిట్ల లోపే.

ఇక్కడే అసలు విషయం ఉంది. యంత్రం పాటను దాస్తుంది కాని, ఆ గొంతు ఎవరిదో దానికి తెలియదు. “ట్రాక్ 1” అని రాసుకుని ఊరుకుంటుంది. పాడినవారు ఎవరు, హార్మోనియం ఎవరిది, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం అన్నది మనం రాస్తేనే ఉంటుంది. ఇది మనకు కొత్త పని కాదు. వచ్చిన ప్రతి కాగితానికీ తపాలు నంబరు వేసి, శాశ్వతంగా ఉంచవలసిన ఫైలును ఆర్.డిస్. అని, కొద్దికాలానికి తీసివేయదగినదాన్ని ఎల్.డిస్. అని విడదీసి రికార్డు గదికి పంపినవాళ్ళం. సర్కారు కాగితానికి చేసిన ఆ సేవ మన వాళ్ళ గొంతుకు చేయలేమా? సాంకేతికం పిల్లలు నేర్పుతారు. ఆ గొంతులు గుర్తుపట్టడం పిల్లల వల్ల కాదు. మన తరం దాటితే క్యాసెట్టులో పాట ఉన్నా అది ఊరూ పేరూ లేని పాటే.

కొన్ని జాగ్రత్తలు. మొదటిది, డిస్కు చెడిపోకుండా ఉండదు. అందువల్ల మూడు నకళ్ళు ఉండాలి, అందులో ఒకటి వేరే ఊళ్ళో, కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఉండాలి. క్యాసెట్లను కూడా పారవేయవద్దు. రెండవది, ఇంటి సర్వరును బజారుకు తెరిచి పెట్టవద్దు. గట్టి పాస్‌వర్డు పెట్టి, వైర్‌గార్డ్, టెయిల్‌స్కేల్ వంటి వాటితో మనవాళ్ళకు మాత్రమే దారి ఇవ్వండి. మూడవది, 1957 కాపీరైటు చట్టం ప్రకారం రికార్డుపై హక్కు విడుదల తరువాత అరవై సంవత్సరాలు ఉంటుంది. కంపెనీ పాటలను ఇంటి వరకే పరిమితం చేసుకోండి, లోకానికి పంచకండి. ఊరి కళాకారుల రికార్డులైతే వారినో, వారి కుటుంబాన్నో అడిగి, వారికీ ఒక నకలు ఇవ్వండి. అది మర్యాద కూడా.

చివరగా ఒక ప్రతిపాదన. మన సంఘం తరపున మంచి టేపురికార్డరు ఒకటి, పాత కంప్యూటరు ఒకటి కార్యాలయంలో ఉంచుదాం. నెలకు రెండు మధ్యాహ్నాలు కూర్చుని, ఎవరి క్యాసెట్లు వారు తెచ్చుకుని ఎక్కించుకుందాం. రాని గొంతు వినిపిస్తే పక్కవారిని అడగవచ్చు. ఒకరికి గుర్తు లేనిది ఇంకొకరికి గుర్తుంటుంది. జీవన ప్రమాణ పత్రం ఫోనులో ఇవ్వడం నేర్చుకున్న మనకు ఇది అసాధ్యం కాదు.

ఈ రాత్రికి ఇంటికి వెళ్ళాక బీరువా పై అర దించండి. పేరు రాయని క్యాసెట్టు కనిపిస్తే, అది ఎవరి గొంతో మీకు తెలిసినంత వరకు ఒక కాగితం మీద రాసి లోపల పెట్టండి. యంత్రం తరువాత కొనుక్కోవచ్చు.