పన్నులు, పర్మిట్లు, ప్రజలు
(గూడూరు పఠనాలయములో మేము చేసిన ప్రసంగ పాఠము)



మమ్ము పిలిచిన మిత్రులు నేటి విషయమును గూర్చి రెండు ముక్కలే చెప్పిరి: “పన్నుల మీద చెప్పండి, కాని నిద్ర రాకుండ చెప్పండి.” కావున బడ్జెట్టు పుస్తకమును ఇంటివద్దనే విడిచి, మన నిమ్మకాయల మార్కెట్టు మీదుగా నడచి వచ్చితిమి.

అచ్చట మేము చూచిన దేమి? ఢిల్లీలో ఎండ ముదిరినచో గూడూరులో నిమ్మకు ధర పలుకును. ఉత్తరాదిన వానలు పడినచో ధర దిగును. ఎంత కోయవలెనో, ఎచ్చటికి పంపవలెనో రైతునకు ఏ అధికారియు ఉత్తరువు పంపుట లేదు. ధరను చూచి రైతు కోయును; ధరను చూచి వర్తకుడు లారీ నింపును. ఈ ఏర్పాటులో రైతు మునిగిపోవు దినములును కలవు; ఆ మాట దాచము. అయినను ముఖపరిచయము లేని వేలమంది ఒకరి అవసరము నొకరు తీర్చుకొనుచున్నారు. ఇట్టి వ్యవహారములో ప్రభుత్వ మెచ్చట చేయి పెట్టవలెను, ఎచ్చట చేయి తీయవలెను? అదియే నేటి మా ప్రశ్న.

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. మన పెద్దలు ఉప్పు విషయమున దీనినే అడిగిరి. చెన్నరాజధానిలో కుంపిణీ ప్రభుత్వము 1805లో ఉప్పును తన గుత్తము చేసికొనినది. అప్పటినుండి సముద్రము ఒడ్డున విడిచిన ఉప్పును సముద్రము ప్రక్కన నివసించువాడు ఎత్తుకొనుట నేరమైనది. 1930లో గాంధీమహాత్ముడు దండికి నడచినప్పుడు, మన నెల్లూరు సీమవారు మైపాడు తీరమునకు వెళ్ళి ఉప్పు వండినప్పుడు, పోరాటము అణా పైసలకొరకు మాత్రమే జరుగలేదు. తన చేతికందు వస్తువునకు పరుని అనుమతి ఏల యను ప్రశ్నకొరకు జరిగినది.

1947లో ఉప్పు పన్ను పోయినది. కాని ఏడేండ్లు తిరుగకుండనే, 1953లో, స్వతంత్ర ప్రభుత్వమే ఉప్పు సెస్సు చట్టమును చేసినది. మొత్తము స్వల్పమే, ఉద్దేశము ఉప్పు పరిశ్రమ మేలే. ఆ చట్టము 2016 వరకు జీవించినది. దండి యాత్రలో నడచిన దేశమున ఉప్పుమీద చట్టము అరువదియేండ్లకు పైగా కూర్చుండినను మనలో ఎందరికి తెలిసినది? పరాయివాడు వేసిన పన్నును పట్టి చూచిన కన్ను, మనవాడు వేసిన పన్నుముందు మూతపడినది. మా ఆక్షేపణ ముఖ్యముగా దీనిమీదనే.

ఇక బియ్యపు ముచ్చట. రెండవ ప్రపంచ యుద్ధకాలమున వచ్చిన ఆహార నియంత్రణములు యుద్ధము ముగిసినను ముగియలేదు. జిల్లా దాటి ధాన్యము పోవలెనన్న పర్మిటు. పర్మిటు కావలెనన్న తిరుగుడు. తిరుగలేనివానికి చీకటి బజారు. 1947 చివర గాంధీజీ స్వయముగా ఈ కంట్రోళ్ళను తొలగింపుడని కోరిరి. తొలగించిరి, మరల తెచ్చిరి. 1952లో రాజగోపాలాచారిగారు మదరాసు ముఖ్యమంత్రియై, జూన్ మాసమున బియ్యముపై నియంత్రణమును ఎత్తివేసిరి. అప్పుడు మన గూడూరును మదరాసు రాష్ట్రములోనిదే. ధరలు ఆకాశమంటునని అనేకులు భయపడిరి. కేంద్ర ఆహారమంత్రి రఫీ అహమ్మదు కిద్వాయిగారు అండగా నిలిచిరి. భయపడిన ఉపద్రవము రాలేదు. దాచిన ధాన్యము అంగడికి వచ్చినది.

ఇందులో రెండవ భాగమును స్వేచ్ఛా విపణి వాదులు తరచు మరచుచుందురు. ఆ కాలముననే రాయలసీమలో కఱవు. కొనుటకు డబ్బులేనివానికి అంగడి తెరచియున్న నేమి, మూసియున్న నేమి? వానికి ప్రభుత్వము గంజి కేంద్రములు నడిపినది. బేరమును బేరమునకు విడిచి, ఆకలిని నేరుగా తీర్చుట: ప్రభుత్వము చేయదగిన పని అది.

ఆ రాజాజీయే 1959లో ఆచార్య రంగాగారితో కలసి స్వతంత్ర పార్టీని స్థాపించిరి. పర్మిట్-లైసెన్సు రాజ్యమను మాటను దేశమున వ్యాపింపజేసినవారు వారే. 1962 ఉప ఎన్నికలో రంగాగారిని లోకసభకు పంపినది మన పొరుగు చిత్తూరే. అయితే చరిత్రను ఒక ప్రక్కనే చదువరాదు. 1939లో ఈ దేశమున మొట్టమొదటి సాధారణ అమ్మకపు పన్నును తెచ్చినవారును ఆ రాజాజీయే. మద్యనిషేధము 1937లో సేలములో మొదలై మరుసటి యేట చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చినది. సారాయి రాబడి పోయిన లోటును పూడ్చుటకై ఈ పన్ను పుట్టినది. తరువాత సారాయి రాబడి తిరిగి వచ్చినది. పన్ను మాత్రము పోలేదు. 2005లో వ్యాట్ అయినది, 2017లో జీఎస్టీలో కలసినది. పన్నును పుట్టించిన కారణము చచ్చినను పన్ను బ్రతుకును. కావున ఏ పన్నునైనను పుట్టిననాడే ఎంతకాలమని అడుగవలెను.

ఇప్పుడు మన ఊరి అభ్రకమునకు వత్తము. సైదాపురము, కలిచేడు ప్రాంతపు గనులనుండి వచ్చిన రేకులు ఒకప్పుడు ప్రపంచపు విద్యుద్యంత్రములలో వెలిగినవి. 1946లో ఎగుమతి అభ్రకముపై సుంకము వేసి, గని కార్మికుల వైద్యమునకు, విద్యకు వినియోగించు చట్టము వచ్చినది. ఎవరినుండి, ఎవరికొరకు, ఏ పనికి అనునవి చట్టములోనే వ్రాసియున్న పన్ను అది. దానిని మేము తప్పుపట్టము. 1972లో అభ్రకపు ఎగుమతిని ప్రభుత్వ సంస్థ ద్వారానే జరుగవలెనని కట్టడి చేసిరి. చిన్న వర్తకునకు న్యాయమైన ధర వచ్చునని చెప్పిరి. వచ్చినదేమనగా, అమ్మువానికి కొనువాని ముఖము కనబడకపోవుట. ఏ దేశమున ఏ రకము కావలెనో, ఎచ్చట కృత్రిమ వస్తువు అభ్రకమునకు మారుగా వచ్చుచున్నదో నేరుగా తెలియుదారి మూసికొనిపోయినది. 1991లో పెద్ద కొనుగోలుదారైన సోవియట్ యూనియన్ కూలినప్పుడు ఆ దెబ్బ గూడూరు షెడ్లలో రేకులు చీల్చు స్త్రీల కూలిమీద పడినది. పతనమునకు కట్టడి యొక్కటే కారణమనము; విజ్ఞానము మారినది, విపణి మారినది. ఆ మార్పును ముందుగా చూచి నడచు స్వాతంత్ర్యము మనకు లేకపోయినదనుట సత్యము.

తరువాతి కథ మఱియు విచిత్రము. 2015లో కేంద్రము అభ్రకము, క్వార్ట్జు మొదలగు 31 ఖనిజములను చిన్న తరహా ఖనిజములుగ ప్రకటించి రాష్ట్రముల కప్పగించినది. 2025 ఫిబ్రవరిలో అభ్రకమును, క్వార్ట్జును మఱి రెండింటిని మరల పెద్ద ఖనిజములలో చేర్చినది. వానితోపాటు లిథియము వంటి కీలక ఖనిజములు దొరకవచ్చునను కారణము చెప్పినది. కారణము కొట్టివేయదగినది కాదు. కాని పదియేండ్లలో రాయి మారలేదు, పేరు రెండుమార్లు మారినది. పేరుతోపాటు నిబంధనలు, దరఖాస్తులు, పోవలసిన ఆఫీసులు మారినవి. ధనవంతుడు ఈ మార్పునకు గుమాస్తాను పెట్టుకొనును. చిన్నవాడు వృత్తి మానుకొనును, లేదా దొంగదారి పట్టును. రాత్రివేళ లారీలలో రాయి తరలిపోవుచున్నదని వాపోవుచున్నాము గదా. సక్రమమైన దారి దుర్గమమైనకొలది దొంగదారి వెడల్పగును.

అట్లని చట్టమే వలదనుట మా మతము కాదు. గని కూలినచో చచ్చునది కార్మికుడు. అచ్చట తనిఖీ వలెను. తూకమున మోసము జరుగరాదు. కాలువను, చెరువును ఒకడు మ్రింగరాదు. వీనికి చట్టము కఠినముగానే ఉండవలెను. బ్రతుకుదెరువునకే అనుమతి పత్రము కావలెననుటను మాత్రమే మేము కాదనుచున్నాము.

ఒక మాట మమ్ము గూర్చి. మొన్న ఒక తుక్కు వ్యాపారి నోటీసుల సంచితో మావద్దకు వచ్చెను. “కట్టేదానికి నేను కాదన్లా సార్. యాడ కట్టాల్నో చెప్పేవాళ్ళే లేరు” అనెను. లెక్క చూడగా అతడు బాకీపడిన పన్ను నాలుగువేలు. జవాబులు వ్రాసి, తిరిగి, దాని నొక కొలిక్కి తెచ్చినందుకు మా ఫీజు ఆరువేలు. మేము పుచ్చుకొంటిమి. ఆ రాత్రి మాకు నిద్ర సరిగా పట్టలేదు. చట్టము అర్థముకానంత కాలము మా వృత్తికి లోటులేదు. ప్రభుత్వమునకు చేరని ఆ ఆరువేలును అతనికి పన్నే గదా! ఆఫీసుల అస్పష్టతను నిందించు మేము దానిమీద బ్రతుకుచున్నామని ఒప్పుకొనకుండ ఈ వేదిక దిగుట న్యాయము కాదు.

సమాచార హక్కు ఉద్యమములో స్వచ్ఛంద సేవకులముగా మేము నేర్చిన దొకటి కలదు. 2005 నాటి ఆ చట్టములోని 4వ సెక్షను ప్రకారము ప్రతి ప్రభుత్వ కార్యాలయమును, మన మడుగకుండనే, తన నిబంధనలను, తన వ్యయమును, ఎవరెవరికి పర్మిట్లు, రాయితీలు ఇచ్చినదో ఆ వివరములను ప్రకటింపవలెను. ఈ ఊరిలో ఎన్ని కార్యాలయములు చేయుచున్నవో మీరే వెళ్ళి చూడుడు. ఏ రుసుము, ఎంత, ఏ చట్టము క్రింద, ఏ పనికొరకు: ఈ నాలుగును తెలుగులో గోడమీద వ్రాయుడని మనమందఱము కలసి అడుగుదము. ప్రతి ఆదివారము ఉదయము మేమీ పఠనాలయములోనే కూర్చుందుము. నోటీసు అందినవారు తెచ్చుకొనవచ్చును. ఫీజు లేదు.

ఉప్పు పన్ను కాలమున అడిగినవారికి లాఠీ దెబ్బ దొరకినది. నేడు మనకు పది రూపాయల దరఖాస్తు చాలును. అడుగుదము.