గాజుదారములో వెలుగుబాట



స్వగ్రామమునకు దూరముగా కొలువు చేయువారికి ఇంటి క్షేమసమాచారమే పెన్నిధి. ఒకప్పుడు ఉత్తరము కొరకు దినములు లెక్కించుచు, ట్రంక్ కాల్ కొరకు పూటంతయు కాచుకొని యుండెడివారు. నేడు కన్నతల్లి మొగము క్షణములో ఎదుట నిలుచుచున్నది. చేతిలోని ఫోనునకు తీగ లేకున్నను, ఆ మాట దూరప్రయాణములో చాల భాగము నేలలోనో, సముద్రగర్భముననో పరచిన గాజుదారములలోనే సాగుచున్నది. ఆ దారమునకే ఆప్టికల్ ఫైబర్ అని పేరు.

దారము నడుమ వెలుగు నడచు భాగము కోర్. దూరప్రయాణమునకు వాడు సింగిల్ మోడ్ ఫైబరులో దీని వ్యాసము సుమారు 9 మైక్రానులు. మైక్రాను మిల్లీమీటరులో వెయ్యవ వంతు. కోర్ చుట్టును క్లాడింగ్ అను మరియొక గాజుపొర కలదు. రెండును కలిసి 125 మైక్రానులు. ఆపైన రక్షణకై ప్లాస్టిక్ పూత. కోర్ యొక్క వక్రీభవన గుణకము క్లాడింగ్ కంటె కొంచెమెక్కువ. అందువలన అంచును మిక్కిలి ఏటవాలుగా తాకిన వెలుగు వెలికి పోక లోపలికే మరలును. కోనేటిలో మునిగి నీటిమట్టమును ఏటవాలుగా చూచినచో అది అద్దమువలె తోచుటయు ఈ ధర్మము వలననే.

పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, లండను ఇంపీరియల్ కాలేజీలో హాప్కిన్సుతో కలిసి, గాజుదారముల కట్టగుండ బొమ్మను పంపవచ్చునని 1954లో ప్రకటించెను. అయితే నాటి గాజు కొద్ది దూరములోనే వెలుగును మ్రింగివేసెడిది. కిలోమీటరునకు 1000 డెసిబెల్ నష్టము! అనగా 20 మీటర్లు పోవుసరికి నూటికొక వంతే మిగులును. 1966లో చార్లెస్ కావ్, జార్జ్ హాక్‌హాం అనువారు లోపము గాజుది కాదనియు, అందలి మలినములదనియు వాదించిరి. నష్టమును కిలోమీటరునకు 20 డెసిబెల్ లోపునకు దింపగలిగినచో దూరవార్తలకు గాజు చాలునని లెక్క కట్టిరి. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థకు చెందిన మౌరర్, కెక్, షుల్ట్జ్ ఆ హద్దును దాటిరి. నేటి ఫైబరులో నష్టము కిలోమీటరునకు సుమారు 0.2 డెసిబెల్ మాత్రమే; 15 కిలోమీటర్లు పోయినను సగము వెలుగు నిలుచును. కావ్‌కు 2009లో నోబెల్ బహుమానము లభించెను.

గాజు నిర్మలమైనది, ఇక కష్టమంతయు అతుకుల వద్దనే. దారము తెగినచో పనివాడు పూత నొలిచి, ఆల్కహాలుతో తుడిచి, కొనను నిటారుగా కోసి, రెండు కొనలను విద్యుజ్జ్వాలతో కరగించి అతుకును. దీనిని స్ప్లైసింగ్ అందురు. తీసి పెట్టుటకు వీలైన చోట్ల కనెక్టరులుండును. 9 మైక్రానుల ద్వారమునకు ఒక ధూళికణము చాలు, తలుపు మూసినట్లే. కావున కలుపుటకు ముందు కొనను పరీక్షించి శుభ్రపరచుట నియమము. ఇంట ఫైబరున్నవారు ఆ సన్నతీగను బిగువుగా మడువరాదు. తెరచిన కొనలోనికి కన్ను పెట్టి చూడనే రాదు. అందలి పరారుణ కాంతి కంటికి కనబడదు గాని హాని చేయగలదు.

ఒకరు దారము తీయుదురు, ఒకరు కేబులల్లుదురు, మరియొకరు భూమిలో పరచుదురు. వీరెవరును ఒకరినొకరు ఎరుగరు. ఎరుగకయే వీరి పని కలియుటకు ప్రమాణములే ఆధారము. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము వారి జి.652 సింగిల్ మోడ్ దారము కొలతలను నిర్ణయించును, జి.657 వంపులకోర్చు దారమునకు ఉద్దేశింపబడినది. టి.ఐ.ఎ.-598 దారములకు వర్ణక్రమము చెప్పును: నీలము, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబి, లేత నీలిపచ్చ. ఒకే కేబులు రెండు కొనలయొద్దనున్న ఇరువురు పనివారికి భాష కలియకున్నను నీలము నీలముతోనే కలియును. కొన ఏటవాలుగా నునుపు చేసిన కనెక్టరునకు ఆకుపచ్చ, వాలు లేనిదానికి నీలము వాడుక. ఒకదానిని మరియొకదానితో కలుపరాదు.

ఈ క్రమశిక్షణకు ఫలమెట్టిదో అండమాను ద్వీపములు చెప్పును. పూర్వమచ్చట వార్తలకు ఉపగ్రహమే దిక్కు. 2020 ఆగస్టు 10న చెన్నై నుండి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రపు కేబులు ప్రారంభమైనది. తరతరములుగా అచ్చట నివసించు తెలుగు కుటుంబములకును ప్రధానభూమి చేరువైనది.

అయితే సముద్రమును దాటిన వెలుగు వీధిమలుపులో ఒక గునపపు పోటుతో ఆగిపోవచ్చును. అందులకే త్రవ్వుటకు ముందు కేబులు గలవారికి తెలియజేయుటకై ప్రభుత్వము 2023 మార్చి 22న ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అను యాప్‌ను ప్రారంభించినది. రోడ్డు పనివారు, నీటి పనివారు, విద్యుత్తు పనివారు ముందుగా ఒక మాట అడిగినచో ఎందరి ఇండ్లలోనో మాట నిలుచును. ఒక్క కేబులు తెగినచో అందలి దారములన్నిటిని రంగు వెంబడి రంగుగా తిరిగి అతుకవలసియుండును. అంతవరకు ఆసుపత్రి, బ్యాంకు, పాఠశాల కాచుకొని యుండవలసినదే.

గాజుదారమును గొప్ప చేసినవారు శాస్త్రజ్ఞులు. దానిని నిత్యము నిలుపుచున్నవారు మాత్రము నియమము తప్పక, కొన తుడుచుట మరువక, గుంతలో కూర్చుండి పనిచేయు శ్రామికులు. దూరముననున్న బిడ్డ మాట తల్లి చెవిని సోకిన ప్రతిసారియు వారికొక నమస్కారము చెల్లును.