అక్షరము చెదరని చోటు



జీర్ణోద్ధరణానంతరము జరుగు కుంభాభిషేకమునకు విచ్చేయు మీకందరకు శుభాశీస్సులు. సంకల్పవేళ చివరి వరుసలోని భక్తుడును తన గోత్రనామములను స్పష్టముగా వినవలెను. అందులకై మన యువకులు స్వయముగా రేకుతో హారన్ స్పీకర్లను చేసినారు. వానిని నిలుపవలసిన తీరు విన్నవించుచున్నాను.

తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లి వర్ణము, స్వరము, మాత్ర మున్నగు ఆరింటిని ఉచ్చారణాంగములుగా చెప్పుచున్నది. అవి చెదరినచో శబ్దము మిగులును, మంత్రము మిగలదు.

హారన్ మూతి ఏ దిక్కునకున్నదో సన్నని ధ్వనులు ఆ దిక్కునకే పోవును. కనుక దానిని తలలకంటె ఎత్తున నిలిపి, చివరి వరుసకు గురిపెట్టి, కొంచెము క్రిందికి వంచవలెను. అప్పుడు దగ్గరివారి చెవులు అదరవు, దూరపువారికి అక్షరము అందును. రాతిగోడకు ఎదురుగా ఉంచరాదు. ప్రతిధ్వని మాటను కప్పివేయును. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు సాగును. వినువానికి ఒక హారన్ కంటె మరియొకటి 34 మీటర్లు ఎడముగా ఉన్నచో అదే మాట సెకనులో పదవ వంతు ఆలస్యముగా మరల వినవచ్చును. కనుక రెంటిని ఒకేచోట నిలుపవలెను. మైకు వాని వెనుక నుండవలెను. లేనిచో కూత పుట్టును. రేకు అదరకుండ వెలుపల మందపు గుడ్డ బిగించవలెను.

2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారము నివాస ప్రాంతములందు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 నుండి ఉదయము 6 గంటల వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు సాధారణముగా నిషిద్ధములు. కావున సుప్రభాతమును మంటపముననే నోటితో పఠింతము. పరీక్షకు చదువుకొను బాలుడును, మంచము పట్టిన వృద్ధురాలును స్వామి బిడ్డలే కదా!

మీరు చివరి వరుసలో కూర్చుండి, ఎంత బిగ్గరగా వినవచ్చినదో కాక, ఎంత తేటగా తెలిసినదో మాకు చెప్పుడు.

స్వస్తి.